జిన్ వదిలేసిన గుద్దు: ఇన్నేళ్లు ఆడాక టెక్కెన్ కథ మీద ఒక సమీక్ష

టెక్కెన్ అనే ఫైటింగ్ గేముల సిరీస్‌లో, టెక్కెన్ 3 చేతికి అలవాటైన ఎవరైనా టెక్కెన్ 4లో జిన్‌ని ఎంచుకోగానే చేసే పని ఒకటుంది. ముందుకు ఒకసారి తట్టి, వదిలి, కిందకు, అక్కణ్ణుంచి ముందు మూలకు జరిపి, కుడి పంచ్ కొడతారు. విండ్ గాడ్ ఫిస్ట్. హేహాచి, కజుయా, జిన్... తాతా తండ్రీ కొడుకూ ముగ్గురి చేతుల్లోనూ ఉన్న గుద్దు అది. టెక్కెన్ 4 జిన్ దగ్గర అది రాదు. ఎన్నిసార్లు కొట్టినా రాదు. కంట్రోలర్ బాగానే ఉంది, టైమింగూ తప్పలేదు. ఆ గుద్దునే అతని దగ్గర్నుంచి తీసేశారు.

ఎందుకు తీసేశారో తెలిసిన రోజు ఈ సిరీస్ మీద ప్రేమ పుడుతుంది. నా మటుకు ఫైటింగ్ గేముల్లో ఇంతకంటే గొప్పగా పాత్ర ఎదుగుదల చూపించిన సందర్భం లేదు.

తల్లి జున్ కనబడకుండా పోయాక పదిహేనేళ్ల జిన్ తాత హేహాచి గడప తొక్కుతాడు. నాలుగేళ్లు ఆయన దగ్గరే తమ మిషిమా ఇంటి కరాటే నేర్చుకుంటాడు. టెక్కెన్ 3 చివర్లో ఓగర్ అనే రాక్షసుణ్ణి చంపి తల్లి పగ తీర్చుకున్నాడో లేదో, నేర్పిన తాతే తుపాకీతో కాల్చేస్తాడు. అప్పుడే జిన్‌లోని దెయ్యం బయటికొస్తుంది. టెక్కెన్ 4 నాటికి అతను ఆస్ట్రేలియా వెళ్లి, బ్రిస్బేన్‌లో ఒక డోజోలో, అంటే కరాటే బడిలో, చేరి, ఆ ఇంటి విద్యను ఒంట్లోంచి కడిగేసుకునే పనిలో ఉంటాడు. సాంప్రదాయ కరాటే అ ఆల నుంచి మొదలుపెడతాడు.

ఈ సంగతిని రెండు లైన్ల టెక్స్టులో చెప్పేసి ఊరుకోవచ్చు. 2001లో వచ్చిన ఈ ఆట అలా చెయ్యలేదు. మన వేళ్లలో జీర్ణించుకుపోయిన విద్యను జిన్‌తో పాటు మనం కూడా మర్చిపోయేలా చేసింది. నిలబడే తీరు వేరు, అడుగు వేరు, దెబ్బ పడే దూరం వేరు. అలవాటు కొద్దీ పాత గుద్దు కొట్టబోయి ఉత్త చేతులతో దొరికిపోయిన ప్రతిసారీ, "వద్దనుకున్నానుగా" అని జిన్ అంటున్నట్టే ఉంటుంది.

ఆ గుద్దు విలువ తెలియనివాళ్లకు ఇంకొంచెం వివరంగా చెప్పాలి. చివరి దిశనూ పంచ్‌నూ ఒకే ఫ్రేములో, అంటే సెకనులో అరవయ్యో వంతులో, కలిపి నొక్కితే చేతి చుట్టూ కరెంటు మెరుస్తుంది. దాన్ని ఎలక్ట్రిక్ అంటారు. ఇటీవలి ఆటల లెక్కలో, ఎదుటివాడు దాన్ని బ్లాక్ చేసినా 5 ఫ్రేములు మనదే పైచేయి. ఒక్క ఫ్రేము ఆలస్యమైతే మామూలు విండ్ గాడ్ ఫిస్ట్ పడుతుంది. దాన్ని బ్లాక్ చేస్తే మనమే 10 ఫ్రేములు వెనకబడతాం, చురుకైన ప్రత్యర్థి వెంటనే ఒక జాబ్‌తో, అంటే వేగంగా పడే చిన్న పంచ్‌తో, శిక్షిస్తాడు. అంత సాధన మీద దక్కే ఆయుధం అది. దాన్ని కావాలని వదిలేసుకోవడమంటే ఆస్తిలో వాటా వద్దని కాగితం రాసిచ్చినంత పని.

టెక్కెన్ 4 కథ చెప్పిన పద్ధతి కూడా ఈ పాత్రకు సరిగ్గా సరిపోయింది. ముందు గీసిన బొమ్మల మీద నడిచే కథనం, తర్వాత పోరాటాలు, చివర మళ్లీ బొమ్మలు, ఆపైన ముగింపు వీడియో. జిన్ దారిలో సెమీఫైనల్లో తండ్రి కజుయా ఎదురుపడాలి, కానీ హేహాచి సైన్యం టెక్కెన్ ఫోర్స్ మధ్యలోనే జిన్‌ని పట్టుకుపోతుంది. మూడు తరాలూ హోన్‌మారు అనే పాత గుడిలో తేల్చుకుంటాయి. రెక్కలు వచ్చేసిన జిన్ తాత గొంతు పట్టుకుని, చంపబోయే ముందు తల్లి రూపం కనబడి వదిలేస్తాడు. నా తల్లికి కృతజ్ఞతలు చెప్పుకో అని ఒక్క మాట అనేసి ఎగిరిపోతాడు. ఆటంతా ఆ ఇంటి గుద్దు వాడకుండా వచ్చినవాడు, చివర్న ఆ ఇంటి పద్ధతిలో చంపడం కూడా మానేశాడు. వీడియో మాట్లాడే మాటా, అంతసేపు చేతులు చేసిన పనీ ఒకటే అయ్యాయి.

ఇంత మెచ్చుకున్నాక ఒకటి ఒప్పుకోవాలి. టెక్కెన్ 4ని పోటీ ఆటగా నెలల తరబడి ఆడినవాళ్లు ఇదే జిన్‌ని తిట్టుకున్నారు. లేజర్ స్క్రేపర్ అనే అతని వరస దెబ్బల్ని సరైన ఫ్రేములో కొడితే దాని ముందు మిగతా పాత్రలు చాలా మటుకు తేలిపోయాయి. ఎత్తుపల్లాల నేల, గోడల మూలల్లో ఇరుక్కుపోవడం కూడా కలిసొచ్చి ఆట బిగుసుకుపోయింది. త్యాగం చేసినవాడు ఎక్కువ బలవంతుడు కావడం కథకు కొంచెం అడ్డమే. కథ కోసం ఒంటరిగా ఆడేవాళ్లకు ఇది పెద్దగా తగలదు, ఇద్దరు కూర్చుని ఆడితే తగులుతుంది.

టెక్కెన్ 5 ఇంకో మంచి పని చేసింది. పాత మిషిమా దెబ్బలన్నీ డెవిల్ జిన్ అనే వేరే పాత్రకు ఇచ్చి, కరాటే జిన్‌ని అలాగే ఉంచింది. ఒకే మనిషి ఎంపిక తెరమీద రెండు బొమ్మలుగా నిలబడ్డాడు. జున్ బంధువైన అసుకా చేతుల్లోకి ఆమె విద్య వచ్చిందీ ఈ ఆటలోనే. ఎవరు ఎవరి బిడ్డో, ఎవరి శిష్యుడో చెప్పడానికి ఈ సిరీస్‌కి మాటలు అక్కర్లేదు.

సరిగ్గా అందుకే టెక్కెన్ 6 మీద కోపం ఇప్పటికీ తగ్గలేదు. జిన్ ప్రపంచ యుద్ధం మొదలుపెట్టి విలన్ అయిపోతాడు. లోకంలో ద్వేషాన్ని నింపి, అజాజెల్ అనే భూతాన్ని నిద్రలేపి, దాన్ని చంపి తన ఒంట్లో దెయ్యాన్ని వదిలించుకోవాలన్నది అతని లెక్క. మొత్తం సిరీస్‌లో ఇంత పెద్ద మలుపు ఇంకోటి లేదు. కానీ సినారియో క్యాంపెయిన్ అనే కథా విభాగంలో మనం నడిపించేది లార్స్ అనే, గతం మర్చిపోయిన వేరే పాత్రని. గుంపుల్ని చితక్కొడుతూ, ఎటు తిరుగుతుందో తెలియని కెమెరాతో కుస్తీ పడుతూ గంటలు గడిపాక, జిన్ ఎందుకిలా అయ్యాడో ఆఖరి నిమిషాల్లో తేలుతుంది. జిన్ పోరాట శైలి మాత్రం దాదాపు అదే సాంప్రదాయ కరాటే. యుద్ధం మొదలుపెట్టినవాడి చేతులు, తాతను వదిలేసినవాడి చేతుల్లాగే కదిలాయి. మనసు మారిందని ఆట చెబుతోంది, వేళ్లకు మాత్రం ఏ తేడా తెలియలేదు.

మిషిమా ఇంటి బయట కూడా కథలున్నాయి. మన ఊళ్లలో గంట లెక్కన ఆడించే వీడియో గేమ్ షాపుల్లో ఎడ్డీ గోర్డోని తెలియనివాళ్లు లేరు. రెండు కిక్ బటన్లూ ఆగకుండా నొక్కితే గెలిపించేవాడు. తండ్రిని చంపినవాళ్ల నుంచి తప్పించుకోవడానికి చెయ్యని నేరం మీద వేసుకుని, ఎనిమిదేళ్లు జైల్లో గడిపి, అక్కడ ఒక ముసలాయన దగ్గర బ్రెజిల్ యుద్ధవిద్య కపోయెరా నేర్చుకున్న మనిషి అతను. తర్వాత ఆ గురువు జబ్బు నయం చేయించడం కోసమే జిన్ దగ్గర ఉద్యోగానికి ఒప్పుకుంటాడు. ఆ కాళ్ల వెనక ఇంత కథ ఉందని షాపులో ఎవరూ చెప్పిన దాఖలా లేదు.

అన్నిటికంటే బాగా పండింది కింగ్‌, మార్డక్‌ల కథ. కింగ్‌ని తీర్చిదిద్దిన ఆర్మర్ కింగ్‌ని మార్డక్ బార్ గొడవలో చంపేసి జైలుకెళతాడు. కింగ్ తన డబ్బుతో బెయిలిచ్చి మరీ అతన్ని బయటికి తీసుకొచ్చి టోర్నమెంటుకు పిలిపిస్తాడు, చేతులారా తేల్చుకోవాలని. గెలుస్తాడు. అక్కడితో ఆగక ఆస్పత్రి గదికి వెళతాడు. మంచం పక్కన మార్డక్ ముసలి తల్లిదండ్రులతో దిగిన ఫోటో. కింగ్ చెయ్యి దిగిపోతుంది. జాగ్వార్ ముసుగులోంచి గర్జన తప్ప మాట రాని పాత్రతో ఇంత చెప్పారంటే చిన్న సంగతి కాదు. తర్వాతి ఆటల్లో వాళ్ల పగ నెమ్మదిగా స్నేహం వైపు తిరుగుతుంది. పగ, పశ్చాత్తాపం, రాజీ, మూడూ వేర్వేరు ఆటల్లో, మధ్యలో ఏళ్లు గడిచాక వస్తాయి. అందుకే నమ్మబుద్ధేస్తుంది.

ఇలాంటి పాత్రల్నే టెక్కెన్ 7 చిన్నచూపు చూసింది. మిషిమా కథకు పూర్తి స్థాయి సినిమా ఇచ్చి, మిగతా ఒక్కొక్కరికీ కొంత టెక్స్టు, ఒక్క పోరాటం, ఒక చిన్న వీడియోతో సరిపెట్టింది. బాక్సర్ స్టీవ్ ఫాక్స్‌కి కిరాయి హంతకురాలు నీనా తల్లి అన్న విషయం టెక్కెన్ 4లో నాటిన విత్తనం. ఆ ఇద్దరూ ముఖాముఖి అయ్యేది టెక్కెన్ 7లో, నీనా పెళ్లికూతురి వేషంలో హత్యకు వెళ్లిన చోట. అన్నేళ్లు ఎదురుచూసిన సన్నివేశం ఒక్క ఫైటుతో, కాఫీ చల్లారేలోపు అయిపోతుంది. హేహాచి భార్య కజుమి గతం మాత్రం బాగా చేశారు, ఆమె దెబ్బల్లో కొన్ని భర్తనూ కొడుకునూ గుర్తు చేస్తాయి. అయితే కొడుకు కజుయాని చిన్నప్పుడు కొండ మీంచి తోసింది వాడిలో దెయ్యం ఉందో లేదో చూడ్డానికే అని హేహాచికి కొత్త కారణం కట్టబెట్టడం నాకు మింగుడుపడలేదు. అంతవరకూ ఉన్న క్రూరత్వానికి ఆ కారణం అవసరం లేదు.

టెక్కెన్ 8 ఇందులో కొంత సర్దింది. 2024 జనవరిలో విడుదలైనప్పుడు 32 మంది పాత్రలు, ఒక్కొక్కరికీ ఐదు పోరాటాల ఎపిసోడ్. 15 అధ్యాయాల ప్రధాన కథలో జిన్ చేసిన యుద్ధానికి సిగ్గుపడతాడు, తల్లి వైపు రక్తాన్నీ తండ్రి వైపు రక్తాన్నీ రెండిటినీ ఒప్పుకుంటాడు. టెక్కెన్ 6లో బాకీ పడ్డది ఇక్కడ తీరింది. కొత్త పాత్ర రెయ్‌నా, తైడో అనే జపాన్ యుద్ధవిద్య అడుగుల మధ్య మిషిమా దెబ్బలు కొట్టడం చూడగానే ఆమె ఎవరి బిడ్డో తెలిసిపోతుంది, కథ చెప్పేదాకా ఆగక్కర్లేదు. తప్పులూ ఉన్నాయి. ఎపిసోడ్ల ముగింపులు చాలావరకు నవ్వులాటకే. ఎడ్డీని విడిగా కొనుక్కోవాలి. టెక్కెన్ 7లో లావాలో పడిన హేహాచి అదే ఏడాది డీఎల్‌సీగా, అంటే విడిగా కొనుక్కునే అదనపు పాత్రగా, తిరిగొచ్చాడు. టెక్కెన్ 5లోనూ చచ్చి బతికినవాడే. ఆయన చావుకి ఇక ఎవరూ ఏడవరు.

కొనాలా వద్దా అన్నది మీ పరిస్థితిని బట్టి. ఆన్‌లైన్ పోటీ కోసమైతే ఇదంతా మీకు అక్కర్లేదు. కథ ఒక్కదాని కోసం టెక్కెన్ 8ని పూర్తి ధర పెట్టి కొనమని చెప్పలేను. కొన్ని గంటల్లో అయిపోతుంది, పీసీలో 100 జీబీ జాగా అడుగుతుంది. సేల్‌లో టెక్కెన్ 7 దొరికితే దాని గ్యాలరీలో పాత ఆటల ముగింపు వీడియోలుంటాయి, ట్రెజర్ బ్యాటిల్ అనే మోడ్‌లో గెలుచుకునే ఆటలోని డబ్బు, ఫైట్ మనీతో కొనుక్కోవచ్చు. ఏ ఆటలోనైనా పోరాటం మధ్యలో వచ్చే మాటలు చదవబోతే తన్నులు తింటారు, సబ్‌టైటిళ్లు వదిలేసి కొట్టండి. టెక్కెన్ 8లో ప్లేస్టేషన్ కంట్రోలర్ మీద ఎల్1 బటన్ నొక్కితే వచ్చే స్పెషల్ స్టైల్‌తో కష్టమైన దెబ్బలు ఒక్క బటన్‌కి పడతాయి. కథ త్వరగా ముగించాలనుకుంటే వాడండి, మిషిమాలతో ఆడేటప్పుడు మాత్రం ఆపెయ్యండి.

పాత ప్లేస్టేషన్ 2, టెక్కెన్ 4 డిస్కు ఎక్కడైనా చేతికొస్తే నేరుగా పెట్టొద్దు. ముందు ఒక వారం టెక్కెన్ 3లో జిన్‌తోనే ఆడండి. ఆ గుద్దు చూడకుండా పడేంతగా వేళ్లకు పట్టాలి. డిస్కు ఆ తర్వాత మార్చండి.