ఆడ ఊసరవెల్లికి ఆన్‌లైన్ కేజ్ కిట్: జాలీకి మార్కులు, గుడ్ల తొట్టికి సున్నా

కిట్‌లో వచ్చేవి ఇవి. 18 అంగుళాల పొడవు, 18 వెడల్పు, 36 ఎత్తున్న అల్యూమినియం జాలీ పంజరం, అడుగున పలుచటి ప్లాస్టిక్ షీటు. 100 వాట్ల వేడి బల్బు, 26 వాట్ల యూవీబీ (ఎండలో ఉండే అతినీలలోహిత కిరణాలిచ్చే) చుట్టబల్బు, ముల్లు తిరిగే తేమ మీటరు, 650 గ్రాముల కోకోపీట్ (కొబ్బరిపీచు పొట్టు) ఇటుక, ‘గుడ్లు పెట్టే తొట్టి’ అని రాసిన 4 అంగుళాల ట్రే. వెయిల్డ్ అనే విదేశీ జాతి ఊసరవెల్లి కోసమని ఇలాంటి సెట్లు రకరకాల పేర్లతో దొరుకుతాయి, లోపలి సరుకు మాత్రం ఇంచుమించు ఇదే. మగదానికైతే ఎట్లో సర్దుకోవచ్చు. ఆడదానికి, అందులోనూ అనంతపురం ఎండల్లో, ఇది ఉన్నదున్నట్టు పనికిరాదు.

మగది లేదు కదా, గుడ్ల గొడవ మనకెందుకు అనుకోవద్దు. పుంజు లేకపోయినా పెట్ట గుడ్డు పెట్టినట్టే, ఇదీ ఐదారు నెలల వయసు దాటితే జత లేకుండానే గుడ్లు పెడుతుంది. ఒక కాన్పుకు 20 నుంచి 70 దాకా.

అసలు లోపం ఆ ట్రేలోనే ఉంది. తొట్టి అన్నారు గానీ పూరీపిండి కలిపే పళ్లెమంత లోతే, ఎందుకూ ఉపయోగపడదు. ఆడది తన ఒళ్లు మొత్తం మరుగయ్యేదాకా సొరంగం తవ్వుకుంటుంది, లోపలే వెనక్కి తిరిగి గుడ్లు పెడుతుంది, మన్ను కప్పి కాళ్లతో అణుస్తుంది. 4 అంగుళాలకే ప్లాస్టిక్ తగిలితే ఆ గుంత వదిలి ఇంకోటి మొదలుపెడుతుంది, అదీ వదిలేస్తుంది. తవ్వి తవ్వి అలిసిపోయి గుడ్లు కడుపులోనే బిగపట్టుకుంటే ప్రాణం మీదికి వస్తుంది. కనీసం 12 అంగుళాల వెడల్పు, 12 అంగుళాల మన్నులోతు ఉండాలి.

ట్రేను పక్కన పడేసి, నిలువుగా ఉండే పెద్ద ప్లాస్టిక్ టబ్బు కొనండి. ఇసుక, కోకోపీట్ సగంసగం కలపండి. పెన్నా ఇసుకైతే జల్లెడ పట్టి గులకరాళ్లు తీసేసి, నీళ్లు తేటగా వచ్చేదాకా కడగాలి. కోకోపీట్‌లో ఉప్పు ఉంటుంది కాబట్టి దాన్నీ రెండుసార్లు నానబెట్టి పిండాలి. కిట్‌లోని ఇటుక నానితే 8 లీటర్లు అవుతుంది, చాలదు. నర్సరీల్లో అమ్మే 5 కిలోల దిమ్మె తెచ్చుకోవడం మేలు. ఒట్టి ఎర్రమన్ను ఆరితే గట్టిపడి గోళ్లు దిగవు. వేరుశనగ చేని మన్నులో ఎరువు, పురుగుమందు ఉంటాయి, దాని జోలికి పోవద్దు. కుండీల మన్నులో కలిపే పర్లైట్, వర్మిక్యులైట్ గుళ్లు కూడా వద్దు, మింగితే పేగుల్లో అడ్డుపడతాయి. కలిపిన మన్నును పిడికిట్లో పిండితే ముద్ద కట్టాలి, నీళ్లు కారకూడదు. చేత్తో అడ్డంగా సొరంగం తవ్వి చూడండి, పైకప్పు కూలిందంటే తేమ చాలలేదు. ఏప్రిల్, మే నెలల్లో జాలీ పంజరంలో పైమన్ను ఒక్కరోజులోనే ఆరిపోతుంది. టబ్బు అంచుల వెంబడి నీళ్లు పోస్తూ ఉండాలి, కానీ అడుగున మడుగు కట్టకూడదు.

ఇక్కడ ఇంకో చిక్కు. అంత మన్ను 20 కిలోలు దాటుతుంది, అడుగు షీటు కుంగిపోతుంది. కింద ప్లైవుడ్ పలక వేయాలి. పైగా టబ్బే మూడోవంతు ఎత్తు తినేస్తే, కొమ్మలకు, ఆకులకు తావెక్కడిది? అందుకే ఆడదానికి 24, 24, 48 అంగుళాల జాలీ పంజరాన్ని విడిగా తీసుకోండి. జాలీ మాత్రం బాగుంది. గాలి ఆడుతుంది, తలుపు సరిగ్గా పడుతుంది.

100 వాట్ల బల్బు మన ఊరి వేసవిలో శిక్షే. ఆడది ఎండ కాచుకునే కొమ్మ దగ్గర 27, 28 డిగ్రీలు ఉంటే చాలు. మేలో ఫ్యాను కింద గది కూడా అది దాటిపోతుంది, అప్పుడు వేడి బల్బు తీసేసి కూలర్ పెట్టండి. కూలర్ గాలి నేరుగా పంజరానికి తగలకూడదు. నోరు తెరిచి, రంగు వెలిసిపోయి కనిపిస్తే వేడి ఎక్కువైనట్టే. చుట్టబల్బు వెలుగు తక్కువ మేరకే అందుతుంది, టీ5 రకం సన్నని పొడవాటి యూవీబీ ట్యూబు వేసి ఏడాదికోసారి మార్చండి. ముల్లు మీటరును నమ్మొద్దు, డిజిటల్‌ది కొనండి.

కిట్‌తో వచ్చే కాగితంలో మేత గురించి ‘కడుపునిండా పెట్టండి’ అని ఉంటే దాన్ని చించేయండి. వేడి, మేత ఎక్కువైతే గుడ్లూ ఎక్కువే, ఆయుష్షు తక్కువే. పెద్దదానికి రెండు మూడు రోజులకోసారి మూడు నాలుగు పురుగులు చాలు. ప్రతిసారీ పురుగులకు విటమిన్ డీ3 లేని కాల్షియం పొడి, నెలకు రెండుసార్లు డీ3 ఉన్నది అద్దాలి.

మేత మానేసి, పంజరం అడుగున అటూ ఇటూ తిరుగుతూ మన్ను గీరుతోందంటే నెలలు నిండినట్టే. చుట్టూ గుడ్డ కప్పి, దూరం నుంచే చూడండి. తవ్వేటప్పుడు మనిషి కంటబడితే పని ఆపేస్తుంది. ఒక రోజంతా, ఒక్కోసారి రెండో రోజు దాకా పట్టొచ్చు. పగలు కళ్లు మూసుకుని అడుగునే పడి ఉంటే, కొమ్మ పట్టు సడలితే ఆగకండి. ఎక్స్‌రే, కాల్షియం, అవసరమైతే ఆపరేషన్ కావాలి. సరీసృపాలు చూసే డాక్టర్ల కోసం ఇక్కడివాళ్లకు బెంగుళూరే దిక్కు, రెండువందల పైచిలుకు కిలోమీటర్లు. ఫోన్ నంబరు ముందే రాసిపెట్టుకోండి.

ఇదంతా యెమెన్, సౌదీ ప్రాంతపు వెయిల్డ్ జాతి గురించి, దానికీ కేంద్ర పర్యావరణ శాఖ వారి పరివేష్ పోర్టల్‌లో నమోదు ఉండాలి. మన చేలగట్ల మీద కనిపించే నాటు ఊసరవెల్లిని 1972 వన్యప్రాణి చట్టం కాపాడుతోంది, దాన్ని పట్టి పెంచితే నేరం.

గుడ్లు పెట్టాక చిక్కిపోయి, మన్ను కొట్టుకుని పైకి వస్తుంది. ముందు నీళ్ల తుంపర బాగా ఇవ్వండి, తర్వాత నాలుగైదు రోజులు మేత పెంచండి. హిందూపురం, ధర్మవరం వైపు రైతుల దగ్గర దొరికే పట్టుపురుగులు మెత్తగా ఉంటాయి, బాగా తింటుంది. రైతులు పురుగుల పడక మీద సున్నం, మందుపొడి చల్లకముందు తీసినవే తెచ్చుకోండి. జత కలవని గుడ్లు పిల్లలు కావు, అది పైకొచ్చి కప్పేశాక తవ్వి తీసేయొచ్చు. పారేసేముందు లెక్కపెట్టి రాసుకోండి. 40 దాటితే వచ్చే నెల నుంచి మేతలో కోత పెట్టండి.