సెకండ్ హ్యాండ్ మ్యాక్‌బుక్: మూడేళ్ల వాడకం, ఒక మొండి నోటిఫికేషన్

పెళ్లి వీడియోలు ఎడిట్ చేసుకోవడానికి 2022లో చెన్నై వెళ్లి పాత ఎం1 మ్యాక్‌బుక్ ఎయిర్ కొన్నాను. 8 జీబీ ర్యామ్, 256 జీబీ స్టోరేజ్, 62 వేలు. ఒంటిమీద ఒక్క గీత లేదు. పాత ఓనరు యాపిల్ ఐడీ తీసేశాడో లేదో ఒకటికి రెండుసార్లు చూసుకుని, పినాకిని రైల్లో ఒళ్లో పెట్టుకుని నెల్లూరు తెచ్చుకున్నా.

మిషన్‌కి పెద్దగా వంక పెట్టలేను. రోహిణి కార్తెలో స్టోన్‌హౌస్‌పేటలోని మా రేకుల గదిలో ఎక్స్‌పోర్ట్ పెడితే మాత్రం నెమ్మదిస్తుంది, అడుగున చెయ్యి పెట్టనివ్వదు. ఫ్యాన్ లేదు కదా. ఇప్పుడైతే 16 జీబీదే తీసుకునేవాణ్ణి.

అసలు గొడవ రెండో వారంలో మొదలైంది. స్క్రీన్ కుడివైపు పైన ‘డివైస్ ఎన్‌రోల్‌మెంట్’ అని నోటిఫికేషన్, కింద నేనెప్పుడూ వినని ఒక కంపెనీ పేరు. వైరస్ అనుకున్నా. పక్కకు తోస్తే పోయేది, మళ్లీ వచ్చేది. ఏడాదిన్నర అలా తోసుకుంటూనే గడిపాను.

2024 మొదట్లో మ్యాక్ సాఫ్ట్‌వేర్‌ని సొనోమా వెర్షన్‌కి అప్‌డేట్ చేశా. మూలన ఉండే నోటిఫికేషన్ స్క్రీన్ మొత్తం కప్పేసింది. ‘ఇప్పుడు కాదు’ అంటే ఎనిమిది గంటల గడువు, అంతే. మాఘమాసం పెళ్లిళ్ల సీజన్. కావలి పెళ్లివాళ్లు ఎదురుగా కూర్చుని తలంబ్రాల సీను చూస్తుండగా వచ్చిపడింది. ‘ఏంది అన్నా, ఎవరిదన్నా కొట్టుకొచ్చావా?’ అని పెళ్లికొడుకు బావమరిది నవ్వాడు. నాకు చెమటలు పట్టాయి.

షాపుకి ఫోన్ చేస్తే ‘ఓకే కొట్టండి సార్, పోతుంది’ అన్నాడు. కొడితే కంపెనీ లాగిన్ అడుగుతుంది. అలా వాళ్ల కింద చేరామంటే మిషన్‌ని దూరం నుంచే లాక్ చేసే, తుడిచేసే అధికారం ఆ కంపెనీకి వెళ్తుంది.

సంగతేంటంటే, కంపెనీలు కొన్న మ్యాక్‌ల సీరియల్ నంబర్లు యాపిల్ బిజినెస్ మేనేజర్ అని, కంపెనీల కోసం యాపిల్ నడిపే పోర్టల్‌లో వాళ్ల పేరు మీద ఉంటాయి. ఫార్మాట్ కొట్టినా పోవు, ఆ రికార్డు ఉండేది యాపిల్ సర్వర్‌లో. పొలం మనం దున్నుకుంటున్నా 1బీలో పేరు ఇంకొకరిది ఉన్నట్టు. యాపిల్ ఐడీ తాళం వేరు, ఇది వేరు. షాపువాడు నెట్ కలపకుండా సెటప్ చేసి ఇచ్చాడు కాబట్టి ఆరోజు బయటపడలేదు.

రిపేర్ కుర్రాడొకడు ఐదొందలు తీసుకుని హోస్ట్స్ ఫైల్‌లో (ఏ సర్వర్ ఎక్కడుందో మిషన్ ముందుగా చూసుకునే ఫైల్) మూడు లైన్లు రాసి, ఎన్‌రోల్‌మెంట్ సర్వర్లకు దారి మూశాడు. గోల ఆగింది. కానీ మిషన్ తుడిస్తే ఆ లైన్లూ పోతాయి. టెర్మినల్‌లో ‘ప్రొఫైల్స్ స్టేటస్’ కమాండ్ కొడితే ఎన్‌రోల్‌మెంట్ గురించి అది చూపించే రెండు లైన్లకీ ‘నో’ అని వచ్చిందని సంబరపడ్డాను కూడా. మనం ఇంకా చేరలేదని చెప్పడమే అది, వాళ్ల లిస్టులో లేమని కాదు. ఇది తెలుసుకోవడానికి నాకు నెల పట్టింది.

చివరికి ఆ కంపెనీ ఐటీ వాళ్లకే సీరియల్ నంబరు, బిల్లు ఫోటో మెయిల్ చేశా. రెండు మెయిళ్లకు ఉలుకూ పలుకూ లేదు. మూడోదానికి ఒక్క లైను: పాత స్టాక్‌లో అమ్మేసిందే, రిలీజ్ చేశాం. అంటే వాళ్ల లిస్టులోంచి తీసేశారు. హోస్ట్స్ లైన్లు తీసేసి, మొత్తం తుడిచి, వైఫై కలిపి సెటప్ పెట్టా. దేశం అడిగింది, భాష అడిగింది. కంపెనీ కింద చేరమనే రిమోట్ మేనేజ్‌మెంట్ పేజీ రాలేదు.

మొన్న తమ్ముడి కోసం ఒంగోలులో ఇంకోటి చూశాం. డబ్బులిచ్చే ముందు ఇక్కడే తుడిచి, నా ఫోన్ హాట్‌స్పాట్‌తో సెటప్ చేద్దామన్నా. ‘అంత టైం లేదు సార్’ అన్నాడు అమ్మేవాడు. లేచి వచ్చేశాం.