నాలుగడుగుల అక్వేరియం కింద సంప్: ఏళ్లు వాడాక పైపులైను సంగతి

ట్యాంకు 120×45×45 సెంటీమీటర్లు, నిండా పోస్తే 243 లీటర్లు. స్టాండు కింద 75×35×40 సంప్, అంటే అడ్డుపలకలతో గదులుగా చేసి, నీళ్లు వడకట్టడానికీ పంపు పెట్టడానికీ వాడే చిన్న తొట్టి. ట్యాంకు పైమట్టం దాటిన నీళ్లు పడే ఓవర్‌ఫ్లో బాక్సులోంచి సంప్‌లోకి 32 ఎంఎం డ్రెయిన్ పైపులు రెండు దిగుతాయి. ఒకటి నిండుగా సైఫనులా పారుతుంది, గేట్ వాల్వ్ దానికే. రెండోది అత్యవసర పైపు, ఎత్తుగా, ఖాళీగా ఉండి, మొదటిది పూడితే నీళ్లు అందుకుంటుంది. హెర్బీ పద్ధతి అంటారు దీన్ని. సంప్‌లోని పంపు నుంచి నీళ్లను మళ్లీ ట్యాంకుకు ఎక్కించే రిటర్న్ పైపు 25 ఎంఎం.

కోనసీమలో గానీ భీమవరం వైపు గానీ సంప్ పెట్టుకునేవాళ్లు ముందుగా కరెంటు పోతే ఏమవుతుందో లెక్క కట్టుకోవాలి. పంపు ఆగగానే రిటర్న్ పైపు సైఫనులా ట్యాంకు నీళ్లను సంప్‌లోకి వెనక్కి లాగేస్తుంది. ట్యాంకులో ఒక సెంటీమీటరు దిగితే 5.4 లీటర్లు. రిటర్న్ మూతి నీటిమట్టానికి 4 సెంటీమీటర్ల కింద ఉంటే దాదాపు 22 లీటర్లు, ఓవర్‌ఫ్లో బాక్సులోంచి మరో 7, పైపుల్లోది ఒకటి. మొత్తం 30 లీటర్లు. ఈ సంప్‌లో సెంటీమీటరుకు 2.6 లీటర్లు పడతాయి కాబట్టి మట్టం పదకొండున్నర సెంటీమీటర్లు లేస్తుంది. అందుకే పంపు నడిచేటప్పుడు సంప్ మట్టం 24 సెంటీమీటర్ల దగ్గరే ఉంచాలి. అందం కోసం రిటర్న్ మూతిని లోతుగా దించితే గదిలో నీళ్లు తప్పవు.

ఎన్‌ఆర్‌వీ (నీళ్లు వెనక్కి రానివ్వని వాల్వ్) బిగిస్తే చాలని షాపుల్లో చెబుతారు. నమ్మొద్దు. లోపలి బిళ్ల కింద ఇసుక రేణువో, చిన్న నత్తో ఇరుక్కుంటే చాలు, మూసుకోదు. సైఫను తెగడానికి రిటర్న్ పైపుకు నీటిమట్టం కిందే 3 ఎంఎం బెజ్జం వేయడం మంచిదే గానీ, దాంట్లో పాచి పడుతుంది, వారానికోసారి పుల్లతో పొడవాలి. సంప్‌లో ఖాళీ ఒక్కటే ఎప్పుడూ చెడిపోనిది.

డ్రెయిన్‌కి బాల్ వాల్వ్ వద్దు. పిడి వెంట్రుకవాసి కదిపినా ప్రవాహం చాలా మారిపోతుంది, ఓవర్‌ఫ్లోలో మట్టం నిలవదు. గేట్ వాల్వ్ చాలా చుట్లు తిరుగుతుంది కాబట్టి ఒక్కసారి కుదిర్చితే నెలల తరబడి ముట్టుకోనక్కర్లేదు. ప్లాస్టిక్‌దే కొనాలి. ఊళ్లో హార్డ్‌వేర్ షాపులో దొరికేది ఇత్తడిది, దాన్నుంచి రాగి దిగుతుంది, రొయ్యలకీ నత్తలకీ పడదు. ధర ఎక్కువైనా ఈ ఒక్కచోట పీనాసితనం పనికిరాదు.

డ్రెయిన్ కొస సంప్ నీళ్లలో 2 సెంటీమీటర్లకు మించి మునగకూడదు. లోతుగా మునిగితే కరెంటు వచ్చాక పైపులో గాలి బయటికి పోలేక గుడగుడమంటుంది, నీళ్లు అత్యవసర పైపులోంచి దూకుతాయి. రాత్రిపూట మోత గురించి ఫిర్యాదు చేసేవాళ్లు ముందు చూడాల్సింది ఇదే. మలుపుల దగ్గర 90 డిగ్రీల ఎల్బో బదులు 45వి రెండు వేస్తే ఇంకా నిశ్శబ్దం.

పైపుల కొనుగోలులో ఒక తిరకాసు ఉంది. పొలాలకూ చెరువులకూ వాడే బూడిదరంగు పీవీసీ మిల్లీమీటర్ల కొలత, బయటి వ్యాసం సరిగ్గా 32. ఇళ్ల ప్లంబింగుకు వాడే తెల్ల యూపీవీసీ ఒక అంగుళం పైపు బయటి వ్యాసం 33.4. చూడ్డానికి ఒకేలా ఉంటాయి, తెల్లదాని ఫిట్టింగులో బూడిదరంగుది వదులు. ఆ సందుని సొల్యూషన్ పూడ్చదు, కొన్నాళ్లకు కారుతుంది. ఏదో ఒక రకమే మొత్తానికీ వాడాలి. అతికాక 24 గంటలు ఆరనివ్వాలి. అద్దం బెజ్జంలో పైపును బిగించే ట్యాంక్ నిపుల్‌కు రబ్బరు వాచరు తల వైపు, అంటే నీళ్లున్న వైపు రావాలి. చేత్తో బిగించి పావు చుట్టు మాత్రమే పానాతో తిప్పాలి. ఇంకొంచెం బిగిస్తే అద్దం చిట్లుతుంది. బెజ్జం అంచు నుంచి కనీసం బెజ్జమంత దూరం గాజు మిగలాలి, టఫెన్డ్ గాజుకు అసలు బెజ్జమే వేయకూడదు.

యూనియన్లు, అంటే విప్పి మళ్లీ బిగించుకునే జాయింట్లు, పంపు దగ్గరొకటి, ప్రతి డ్రెయిన్‌కొకటి తప్పనిసరి. డబ్బు మిగిల్చుకుందామని మానేస్తే శుభ్రం చేయాల్సిన రోజున పైపు కోయాల్సిందే. సముద్రం వైపు బోరు నీళ్లు గట్టివి, ఉప్పగానూ ఉంటాయి. పంపు రోటరు మీద తెల్లటి పొర కడుతుంది. నిమ్మ ఉప్పు కలిపిన నీళ్లలో గంటసేపు నానబెడితే వదిలిపోతుంది. కాలవ నీళ్లు మెత్తనివే గానీ ఒండ్రుతో పాటు నత్త పిల్లల్ని మోసుకొస్తాయి. అవి గేట్ వాల్వ్ సందులో కూర్చుంటే మట్టం మెల్లగా పెరుగుతుంది, అత్యవసర పైపులో నీళ్లు పారే చప్పుడు వస్తుంది. ఓవర్‌ఫ్లో పళ్ల ముందు ముతక స్పాంజీ పెట్టాలి. వాల్వ్‌ని పూర్తిగా తెరిచి, మళ్లీ పాత చోటికి మూస్తే ఇరుక్కున్నవి కొట్టుకుపోతాయి.

వేసవిలో ఆవిరైన నీళ్ల లోటు సంప్‌లో పంపు ఉండే గదిలోనే కనిపిస్తుంది, మిగతా గదుల మట్టం అడ్డుపలకలు పట్టుకుంటాయి. పంపు గాలి పీల్చేదాకా ఆగకుండా ఆ గది గాజు మీద మార్కరుతో గీత గీసి, దిగిన మేర పోస్తుండాలి. కాలవలు కట్టేసే రోజులకు రెండు డ్రమ్ముల నీళ్లు ముందే పట్టుకోవాలి. పంపు వైరు ప్లగ్గు కంటే కిందికి వేలాడి, మళ్లీ పైకి లేచేలా వదలాలి, అప్పుడు వైరు మీద జారిన చుక్క సాకెట్లోకి పోదు. ఆ సాకెట్‌కు 30 మిల్లీఆంపియర్ల ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే సరఫరా కోసేసే స్విచ్) లేకపోతే సంప్‌లో చెయ్యి పెట్టేముందు మెయిన్ ఆపాలి.