గ్రీన్ కార్డుతోనే ఉండడమా, పౌరసత్వం తీసుకోవడమా: ఏది మేలు?

అమెరికాలో గ్రీన్ కార్డు వచ్చి ఐదేళ్లు నిండబోతున్న తెలుగు ఇళ్లలో ఈ చర్చ తప్పదు. అమెరికా పౌరులను పెళ్లి చేసుకుని కలిసి ఉంటున్నవారికైతే గడువు మూడేళ్లే. అర్హత వచ్చాక కూడా చాలామంది వెనకాడడానికి కారణం ఉంది: భారత పౌరసత్వ చట్టం, 1955లోని 9వ సెక్షన్ ప్రకారం, కోరి మరో దేశ పౌరసత్వం పుచ్చుకున్నవారు భారత పౌరసత్వాన్ని కోల్పోతారు. రెండూ ఉంచుకునే వీలు లేదు.

ఊళ్లో పొలం ఏమవుతుందనేది మొదటి భయం. నిజానికి ఇందులో అనుకున్నంత తేడా లేదు. విదేశాల్లో స్థిరపడిన భారతీయుడు, చేతిలో భారత పాస్‌పోర్టు ఉన్నా, వ్యవసాయ భూమి కొనలేడు; ఓసీఐ కార్డు (విదేశీ పౌరసత్వం తీసుకున్న భారత సంతతివారికి భారత ప్రభుత్వం ఇచ్చే కార్డు) ఉన్నవాడూ కొనలేడు. వారసత్వంగా వచ్చే పొలం ఇద్దరికీ వస్తుంది, ఇళ్లూ ఫ్లాట్లూ ఇద్దరూ కొనవచ్చు. పన్నుల సంగతీ అంతే: హైదరాబాద్ ఫ్లాటు మీద వచ్చే అద్దెను గ్రీన్ కార్డు ఉన్నవారు కూడా అమెరికాలో చూపవలసిందే.

అసలు తేడా తల్లిదండ్రుల దగ్గర తేలుతుంది. గుంటూరులో తండ్రికి పక్షవాతం వచ్చి, కొడుకు ఎనిమిది నెలలు అక్కడే ఉండిపోవలసి వచ్చిందనుకుందాం. ఆరు నెలలు దాటి బయట ఉంటే, పౌరసత్వానికి కావలసిన నిరంతర నివాసం తెగిపోయిందనే అధికారులు మొదట భావిస్తారు. తెగలేదని రుజువు చేసుకునే భారం అతనిదే. ముందుగా రీఎంట్రీ పర్మిట్ (తిరిగి రావడానికి అమెరికా ఇచ్చే అనుమతి పత్రం) తీసుకోకుండా ఏడాది దాటితే, కార్డు చూపి తిరిగి అడుగుపెట్టడమే కష్టమవుతుంది. అదే కొడుకు పౌరుడై ఓసీఐ తీసుకుని ఉంటే, వీసా ఊసు లేకుండా తండ్రి కోలుకునేదాకా ఉండి రావచ్చు. సొంతూళ్లో ఎక్కువ కాలం గడపడానికి అమెరికా పాస్‌పోర్టే ఎక్కువ వీలిస్తుందంటే విడ్డూరంగానే ఉంటుంది. తల్లిదండ్రులనే అక్కడికి తెచ్చుకోదలిస్తే తూకం మరీ ఒకవైపుకు ఒరుగుతుంది: 21 ఏళ్లు నిండిన పౌరులు మాత్రమే వారికి గ్రీన్ కార్డు కోరగలరు, దానికి వార్షిక పరిమితి కూడా లేదు. కార్డుదారులు భార్య లేదా భర్త కోసం, పెళ్లికాని పిల్లల కోసం మాత్రమే అడగగలరు.

గ్రీన్ కార్డు పక్షాన నిలిచే బలమైన వాదన ఓటు. భారత పౌరుడు విదేశంలో ఉన్నా ఓటరుగా నమోదై, పోలింగ్ రోజున స్వయంగా వచ్చి ఓటు వేయవచ్చు. ఓసీఐకి ఓటూ లేదు, ఎన్నికల్లో నిలబడే హక్కూ లేదు. దీన్ని చిన్న విషయమని తీసిపారేసేవారితో నేను ఏకీభవించను. రెండు మూడేళ్లలో శాశ్వతంగా తిరిగి వచ్చేయాలని గట్టిగా అనుకున్నవారు భారత పౌరసత్వాన్ని వదులుకోవడంలో అర్థం లేదు. ఉద్యోగం, పిల్లల చదువు అక్కడ, పెద్దవాళ్లు ఇక్కడ ఉన్నవారికి మాత్రం పౌరసత్వమే మేలని నా అభిప్రాయం.

పౌరసత్వం కోసం పెట్టే ఇంగ్లీషు పరీక్షకు జంకే పెద్దలకు కొంత వెసులుబాటు ఉంది: 55 ఏళ్లు నిండి, గ్రీన్ కార్డుతో 15 ఏళ్లు గడిపినవారు పౌరశాస్త్ర ప్రశ్నలకు దుభాషి సాయంతో తెలుగులోనే జవాబు చెప్పవచ్చు.

అమెరికా పౌరుడిగా ప్రమాణం చేశాక భారత పాస్‌పోర్టుతో ప్రయాణించకూడదు. దాన్ని సరెండర్ చేసి ధ్రువపత్రం తీసుకున్నాకే ఓసీఐకి దరఖాస్తు చేయాలి. కాబట్టి ఊళ్లో పెళ్లి ముహూర్తం దగ్గర పడుతుండగా ప్రమాణానికి తేదీ రాకుండా, పౌరసత్వ దరఖాస్తు అయిన ఎన్-400 ఎప్పుడు పెట్టాలో ముందే లెక్క చూసుకోవడం మంచిది.