మైదా బ్రెడ్డా, గోధుమపిండి బ్రెడ్డా? ముందు నీళ్ల సంగతి చూడండి

ఇంట్లో బ్రెడ్ చేస్తానని తెలిసిన వాళ్లందరూ అడిగే ప్రశ్న ఒకటే. మైదా లేకుండా, పూర్తిగా గోధుమపిండితో బ్రెడ్ వస్తుందా? ఈ నెలలోనే నలుగురు అడిగారు. వాళ్లలో ముగ్గురు అప్పటికే ఒకసారి చేసి చూసినవాళ్లు. ముగ్గురిదీ ఒకే మాట: సరిగా పొంగలేదు, ఇటుకలా గట్టిపడింది, మర్నాడు కోస్తే పొడిపొడిగా రాలింది. నేను తిరిగి అడిగింది కూడా ఒకటే: "నీళ్లు ఎన్ని పోశారు?" మైదా బ్రెడ్ కోసం రాసిన కొలత తీసుకుని, మైదా స్థానంలో గోధుమపిండి వేసి, నీళ్లు మాత్రం అన్నే పోశారు. అక్కడే చెడింది.

రెండేళ్లుగా మా ఇంట్లో వారానికి ఒక బ్రెడ్ తయారవుతుంది. మొదట మైదాతో, తర్వాత కొన్ని నెలలు పూర్తిగా గోధుమపిండితో, ఇప్పుడు ఎక్కువగా రెండూ సగం సగం కలిపి చేస్తున్నాను. ఏది మేలు అనేది ఎవరు తింటారు, ఎప్పుడు తింటారు అన్నదాన్ని బట్టి ఉంటుంది. కానీ ఏ పిండితో చేసినా బ్రెడ్ బాగా రావడమూ రాకపోవడమూ తేల్చేది నీళ్లూ, నానబెట్టిన సమయమూ. పిండి గురించి జరిగే వాదనల్లో ఈ మాట ఎక్కడా వినపడదు.

పోల్చడానికి వీలుగా మూడింటికీ 300 గ్రాముల పిండి లెక్క చెబుతాను. ఎనిమిది అంగుళాల బ్రెడ్ టిన్నుకు అది సరిపోతుంది. ఉప్పు 5 గ్రాములు, ఇన్‌స్టంట్ ఈస్ట్ 4 గ్రాములు, చక్కెర 15 గ్రాములు, నూనె లేదా వెన్న 20 గ్రాములు. ఇవేవీ మారవు. మారేది నీళ్లే. మైదాకు 185 మిల్లీలీటర్లు, సగం సగానికి 210, పూర్తి గోధుమపిండికి 235. మైదాకూ గోధుమపిండికీ మధ్య 50 మిల్లీలీటర్ల తేడా ఉంది. కప్పులతో, చెంచాలతో కొలిస్తే ఈ తేడా చేతికి అందదు. బేకింగ్ కోసం ఒక్క వస్తువే కొనగలిగితే ఓవెన్ తర్వాత నేను కొనమనేది చిన్న డిజిటల్ తూకం.

ఇంత తేడా ఎందుకంటే, మన చపాతీ పిండి రాళ్ల మధ్య నలిగి వస్తుంది. పిండి మర నుంచి అప్పుడే తెచ్చిన సంచిని పట్టుకుంటే వెచ్చగా ఉంటుంది కదా, ఆ వేడి ఒరిపిడిదే. ఆ ఒరిపిడికి గోధుమలోని స్టార్చ్ రేణువులు చిట్లుతాయి. చిట్లిన రేణువు మామూలు రేణువు కంటే ఎన్నో రెట్లు నీళ్లు పీలుస్తుంది. చపాతీ మెత్తగా రావడానికి అదొక ముఖ్య కారణం. దానికి తోడు పొట్టు. పొట్టు కూడా బాగా నీళ్లు తాగుతుంది, కాకపోతే నిదానంగా తాగుతుంది. మైదా సంగతి వేరు. రోలర్ మిల్లులో పొట్టునూ మొలకనూ తీసేసి, గింజ లోపలి తెల్లటి భాగాన్నే పిండి చేస్తారు. రేణువులు తక్కువగా చిట్లుతాయి, పొట్టు లేదు, అందుకే తక్కువ నీళ్లు చాలు. విదేశాల్లో ఉన్న మనవాళ్లు ఒకటి గమనించాలి. అక్కడి సూపర్ మార్కెట్లలో దొరికే హోల్ వీట్ పిండి, ఇండియన్ స్టోర్‌లోని చపాతీ పిండి ఒకటి కావు. ఒకదాని కొలత రెండోదానికి పనికిరాదు.

235 మిల్లీలీటర్లలో రెండు చెంచాల నీళ్లు పక్కన ఉంచి, మిగతావి గోధుమపిండిలో పోయగానే ముద్ద చేతికి అంటుకుంటుంది. అందరూ భయపడేది ఇక్కడే. భయపడి పొడిపిండి చల్లుతారు. ముద్ద చపాతీ పిండిలా గట్టిపడుతుంది, బ్రెడ్ ఇటుక అవుతుంది. మొదటిసారి మా అత్తయ్య కూడా గిన్నెలోకి చూసి, "నీళ్లు ఎక్కువయ్యాయేమో చూడమ్మా, బజ్జీల పిండిలా ఉంది" అన్నారు. ఉప్పూ ఈస్టూ ఇంకా వేయలేదు, ఒట్టి పిండీ నీళ్లే. తడిగుడ్డ కప్పి నలభై నిమిషాలు వదిలేశాను. తర్వాత ఆవిడే గుడ్డ తీసి వేలితో నొక్కారు. అంటుకోలేదు. అంచు పట్టుకుని లాగితే తెగకుండా రెండు మూడు అంగుళాలు సాగింది. అప్పటికి ఎవరూ పిసకలేదు, కలిపి వదిలేసిందే. "బొబ్బట్ల పిండి నానినట్టే నానింది" అన్నారు. సరిగ్గా అదే సంగతి. బొబ్బట్ల పై పిండిని జారుగా కలిపి, నూనె పోసి గంటల తరబడి నానబెట్టేది అది తెగకుండా పల్చగా సాగాలనే.

ఫ్రెంచి రొట్టెల నిపుణుడు రేమండ్ కాల్వెల్ 1970లలో ఈ నానబెట్టే పద్ధతికి ఆటోలీజ్ అని పేరు పెట్టి ప్రచారం చేశారు. పిండికి నీళ్లు తగిలి కాస్త సమయం దొరికితే అందులోని ప్రోటీన్లు తమంతట తామే అల్లుకుని, ముద్దను సాగేలా చేసి గాలిని పట్టి ఉంచే గ్లూటెన్ అవుతాయి. గోధుమపిండికి దీనివల్ల ఇంకో లాభం కూడా ఉంది. పొడి పొట్టు తునకలు ఆ గ్లూటెన్ పొరను చిన్న చిన్న కత్తుల్లా కోస్తాయి, కోసిన చోటల్లా గాలి బయటికి పోతుంది. నానిన పొట్టు మెత్తబడి అంతగా కోయదు.

నానాక ఈస్టును పక్కన ఉంచుకున్న రెండు చెంచాల నీళ్లలో కలిపి పోయాలి (ఆ నీళ్లు 235లోవే). ఉప్పు, చక్కెర, నూనె వేసి, తడి చేత్తో ఎనిమిది నిమిషాలు పిసకాలి. చెయ్యి తడపండి, పిండి మాత్రం చల్లకండి.

ఇంకొక్క జాగ్రత్త. గోధుమపిండి ముద్ద రెట్టింపు అయ్యేదాకా ఆగకూడదు. ఒకటిన్నర రెట్లు పొంగితే చాలు. చిట్లిన స్టార్చ్‌ను పిండిలోని ఎంజైములు త్వరగా చక్కెరగా మార్చేస్తాయి. ఈస్ట్ దాన్ని తిని పరుగెడుతుంది, ముద్ద జిగటగా, బలహీనంగా తయారవుతుంది. విజయవాడ మే నెల ఎండలో ఇది అరగంటలోనే అయిపోతుంది, కాబట్టి చల్లటి నీళ్లతో కలపాలి. హైదరాబాద్ డిసెంబరు చలిలో గంటకు పైనే పట్టవచ్చు. గడియారాన్ని నమ్మకుండా వేలితో నొక్కి చూడండి. టిన్నులో రెండోసారి పొంగాక నొక్కితే గుంట మెల్లగా, సగం వరకే పైకి రావాలి. అప్పుడు 190 డిగ్రీల దగ్గర 30 నుంచి 35 నిమిషాలు.

ఇంత శ్రమ మైదాకు అక్కర్లేదు. మైదా సులువు, అది ఒప్పుకోవాలి. కలిపి, పిసికి, రెట్టింపయ్యేదాకా ఉంచి, టిన్నులో పెడితే మొదటిసారికే తెల్లగా, దూదిలా వస్తుంది. బేకింగ్ కొత్తగా మొదలుపెట్టేవాళ్లు మొదటి రెండు బ్రెడ్లు మైదాతోనే చేయాలని నా అభిప్రాయం. పొంగిన ముద్ద ఎలా ఉంటుందో చేతికి తెలియాలి కదా. కాకపోతే ఇంట్లో చేసిన మైదా బ్రెడ్ మర్నాటికే ఎండిపోతుంది. పైగా ఫ్రిజ్‌లో పెట్టారంటే ఇంకా త్వరగా గట్టిపడుతుంది, చల్లదనానికి స్టార్చ్ తొందరగా బిగుసుకుంటుంది. ఆ రోజు తినగా మిగిలింది ముక్కలు కోసి డీప్ ఫ్రీజర్‌లో పెట్టి, కావలసినప్పుడు నేరుగా పెనం మీద కాల్చుకోవాలి.

మైదా అంటే భయం ఉన్నవాళ్లు చెప్పే కారణాల్లో ఒకటి, అందులో ఏవో రసాయనాలు ఉంటాయని. బేకరీ బ్రెడ్ విషయంలో ఆ భయానికి ఆధారం ఉండేది. పిండికి బలం రావడానికి పొటాషియం బ్రోమేట్ అనే రసాయనం వాడేవారు. 2016లో దేశ ఆహార భద్రతా సంస్థ ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ దాన్ని అనుమతించిన పదార్థాల జాబితా నుంచి తీసేసింది. ఇంట్లో మనకు అలాంటివాటి అవసరమే రాదు. పిండికి బలం ఇవ్వడానికి నీళ్లూ సమయమూ ఉన్నాయి.

రెండో కారణం షుగర్. ఇది నిజాయితీగా చెప్పాల్సిన విషయం. గోధుమపిండి బ్రెడ్‌లో పీచు ఎక్కువ, మొలకలోని పోషకాలు ఉంటాయి, కడుపు నిండినట్టు ఉంటుంది. అందుకే మా ఇంట్లో పిల్లలకు అదే పెడతాను. కానీ రక్తంలో చక్కెర పెరగకుండా అదేదో కాపాడుతుందని అనుకోవద్దు. తిన్నది రక్తంలో చక్కెరను ఎంత త్వరగా పెంచుతుందో చెప్పే అంకె గ్లైసీమిక్ ఇండెక్స్. దాని అంతర్జాతీయ పట్టికల్లో తెల్ల బ్రెడ్ సగటు 75 అయితే గోధుమ బ్రెడ్‌ది 74. షుగర్ ఉన్నవాళ్లు ఏ పిండి అన్నదానికంటే ఎన్ని ముక్కలు తింటున్నాం, దానితో గుడ్డో, శనగలో, ఏం తింటున్నాం అన్నది చూసుకోవాలి.

ఇక నేను ఎంచుకున్నది సగం సగం. 150 గ్రాముల గోధుమపిండిని ముందు 130 మిల్లీలీటర్ల నీళ్లలో నలభై నిమిషాలు నానబెడతాను, మైదాను తర్వాత మిగతా 80 మిల్లీలీటర్లతో కలుపుతాను. నానాల్సింది పొట్టు ఉన్న పిండే కాబట్టి ఈ ఏర్పాటు. గోధుమ వాసన పూర్తిగా ఉంటుంది, ముక్క వంచితే విరగదు, మూడో రోజు కూడా వెన్న రాస్తే చిరగదు. నీళ్లలో సగం పాలు పోస్తే ఇంకా మెత్తన. పొద్దున్నే స్కూలు డబ్బాలో శాండ్‌విచ్ పెట్టే ఇంటికి ఇంతకంటే మంచిది నాకు దొరకలేదు.

మల్టీగ్రెయిన్ పిండి, రాగి, జొన్న కూడా అడుగుతుంటారు. రాగిలో, జొన్నలో గ్లూటెన్ లేదు. 300 గ్రాములలో 50 గ్రాముల వరకు కలుపుకోవచ్చు, అంతకు మించితే బ్రెడ్ పొంగదు. విడిగా దొరికే గ్లూటెన్ పొడి ఒక చెంచా వేస్తే పూర్తి గోధుమ బ్రెడ్ ఇంకాస్త ఎత్తు వస్తుంది. నీళ్లు సరిపోయాక నాకు దాని అవసరం రాలేదు.

తీపి వాటిలో లెక్క మారుతుంది. అరటిపండు కేకుకు మరో ఆలోచన లేకుండా గోధుమపిండే. దాన్ని పొంగించేది వంటసోడా కాబట్టి గ్లూటెన్‌తో పని లేదు. బాగా మగ్గిన చక్కెరకేళి లేదా కర్పూర అరటిపళ్లు, బెల్లం, గోధుమపిండి కలిస్తే వచ్చే రుచి మైదాతో రాదు. నెయ్యి వేసిన నాన్‌ఖటాయికీ అంతే. ఉస్మానియా బిస్కెట్ మాత్రం నోట్లో కరగాలి, పొట్టు నాలుకకు తగలకూడదు, కనుక మైదా.

కొబ్బరి బన్నుకూ, దిల్‌పసంద్‌కూ కూడా మైదానే వాడతాను. ముద్దను పల్చగా సాగదీసి, కొబ్బరి పెట్టి, అంచులు అతికించి మూయాలి. గోధుమపిండి అక్కడ పగులుతుంది, చక్కెర పాకం కారి ట్రేకు మాడుతుంది. పచ్చి కొబ్బరి తురుమును చక్కెరతో కలిపి, తడి ఆరేదాకా మూకుట్లో వేయించి, పూర్తిగా చల్లారాకే లోపల పెట్టండి. వేడిగా పెడితే బన్ను అడుగు పచ్చిగా మిగిలిపోతుంది.