హెచ్‌ఓ స్కేల్ డబ్ల్యూడీఎం-3ఏ మోడల్: బోగీ బాగా కుదిరింది, గేజ్ దగ్గరే పేచీ

డబ్ల్యూడీఎం-3ఏ లాంటి ఆల్కో డీజిల్ ఇంజన్ మోడల్ చేతికొస్తే ముందు చూడాల్సింది రంగు కాదు, బోగీ, అంటే ఇంజన్ కింద చక్రాలను పట్టి ఉంచే చట్రం. టేబుల్ మీద పెట్టి, కళ్లు పట్టాల ఎత్తుకు దించి పక్కనుంచి చూడండి. బోగీలో మూడు చక్రాల మధ్య ఎడం సమానంగా కనిపించిందంటే, వేరే దేశపు ఇంజన్‌కి మన రంగు పూసి అమ్ముతున్నారన్నమాట. అసలు ఇంజన్‌లో రెండు చక్రాలు దగ్గరగా, మూడోది కాస్త ఎడంగా ఉంటాయి. ఒక్కో ఇరుసుకు దాన్ని తిప్పే ట్రాక్షన్ మోటార్ ఒక్కోటి చొప్పున మూడింటినీ ఇరికించే క్రమంలో వచ్చిన ఎగుడుదిగుడు అది. దీన్నే ట్రైమౌంట్ బోగీ అంటారు. ఇంజన్ బరువు మూడు చోట్ల ఆనుతుంది: నడిమి పివట్ మీద 60 శాతం, పక్కనున్న రెండు లోడ్ బేరర్ల మీద చెరో 20 శాతం.

విజయవాడ హాబీ షాపులో దొరికిన ఈ మోడల్‌లో ఆ ఎడం ఉంది. రెండు బోగీలూ ఒకదానికొకటి తిరగేసి కూడా బిగించారు. ఒకే అచ్చు పోసి రెండు చివర్లా ఒకే వైపుకి తగిలించే కక్కుర్తి ఇక్కడ లేదు. చక్రం వ్యాసం 12.5 మిల్లీమీటర్లు. అసలు చక్రం 1092 మి.మీ., హెచ్‌ఓ స్కేల్ అంటే అసలులో 87వ వంతు కాబట్టి దాన్ని 87తో భాగిస్తే ఇదే వస్తుంది. పొడవు బఫర్ నుంచి బఫర్‌కి 197 మి.మీ. అసలుది 17,120. ఇక్కడిదాకా వంక పెట్టడానికి లేదు.

పెట్టెలో పెట్టిన కరపత్రం మాత్రం తీసి పక్కన పడేయొచ్చు. అందులో డబ్ల్యూడీఎం-3ఏ అని రాసి, కిందనే 2600 హార్స్‌పవర్ అని వేశారు. ఆ లెక్క డబ్ల్యూడీఎం-2ది. డబ్ల్యూ అంటే బ్రాడ్ గేజ్, డీ అంటే డీజిల్, ఎం అంటే ప్యాసింజరుకీ గూడ్సుకీ పనికొచ్చే మిశ్రమ రకం. తర్వాతి 3 అంటే మూడు వేలు, ఏ అంటే ఇంకో వంద, మొత్తం 3100 హార్స్‌పవర్. పేరులోనే ఉన్న అంకెను పట్టుకోలేకపోయారు! డబ్ల్యూడీఎం-2 అమెరికాలోని ఆల్కో కంపెనీ నుంచి 1962లో వచ్చింది. 1964 నుంచి వారణాసిలోని రైల్వే కర్మాగారం డీఎల్‌డబ్ల్యూ (డీజిల్ లోకోమోటివ్ వర్క్స్)లో తయారైంది. ఆల్కో 1969లో ఇంజన్ల తయారీ మానేసింది, వారణాసిలో మాత్రం ఆ వంశం ఇంకో మూడు దశాబ్దాలకు పైగా నడిచింది. లోపలి 16 సిలిండర్ల 251 ఇంజనే పెరిగి పెరిగి 2600 నుంచి 3100కి చేరింది.

ఇక అసలు పేచీ గేజ్‌ది, అంటే రెండు పట్టాల మధ్య ఎడానిది. హెచ్‌ఓ పట్టా 16.5 మి.మీ. దాన్ని 87తో హెచ్చిస్తే 1435 వస్తుంది, అంటే యూరప్, అమెరికాల స్టాండర్డ్ గేజ్. మన బ్రాడ్ గేజ్ 1676 మి.మీ. లెక్క ప్రకారం మోడల్ పట్టా 19.3 ఉండాలి. దాదాపు 2.8 మి.మీ. కొరత. పక్కనుంచి చూస్తే తెలియదు. ఎదురుగా, లాంగ్ హుడ్ (డ్రైవర్ క్యాబ్‌కి అవతల ఉండే పొడవాటి భాగం) వైపు నుంచి చూస్తే మాత్రం పెద్ద ఒళ్లున్న మనిషి కాళ్లు దగ్గరపెట్టి నిలబడ్డట్టు ఉంటుంది. ఇది ఈ తయారీదారు తప్పు కాదు. దొరికే పట్టాలు, దారి మార్చే పాయింట్లు అన్నీ 16.5 కొలతవే కాబట్టి ఎవరు చేసినా ఇంతే. 19.3 కావాలంటే పట్టా దగ్గర్నుంచి ఇరుసు దాకా చేత్తో చేసుకోవాలి. ఫొటో తీసేవాళ్లు ముప్పావు కోణంలో తీయండి, లోపం కప్పుకుపోతుంది.

లోపలి పనితనం బాగుంది. మధ్యలో అయిదు పోళ్ల మోటార్, దానికి రెండు వైపులా ఇత్తడి ఫ్లైవీల్స్, అక్కడి నుంచి తిప్పుడును మోసే కార్డన్ షాఫ్టులు రెండు బోగీల్లోని వర్మ్ (మరమేకు లాంటి) గేర్లకి. ఆరు ఇరుసులూ తిరుగుతాయి, పన్నెండు చక్రాలూ కరెంటు తీసుకుంటాయి. రబ్బరు టైర్లు వేయలేదు, మంచి పని చేశారు. రబ్బరు పట్టు పెంచుతుంది కానీ ఆ చక్రం కరెంటు తీసుకోదు, పైగా మన ఎండలకి రెండేళ్లలో సాగి ఊడొస్తుంది.

నెమ్మదిగా నడిచే తీరే మోడల్‌కి అసలు పరీక్ష. అసలు బండి 30 కి.మీ. వేగం ఈ స్కేల్లో సెకనుకి 9.6 సెంటీమీటర్లు. అంటే ఒక మీటరు దాటడానికి పది సెకన్లు పైనే పట్టాలి. ఈ ఇంజన్ అంతకన్నా నెమ్మదిగా కూడా ఆగకుండా పాకింది. గరిష్ఠ వేగం 120 కి.మీ. లెక్కన మీటరుకి 2.6 సెకన్లు. కంట్రోలర్ నాబ్ పూర్తిగా తిప్పితే దీనికన్నా చాలా వేగంగా పోతుంది, మలుపులో పడేది అప్పుడే. సగం దాటనివ్వకండి.

షాపులో కొనేటప్పుడు ఒక చిక్కుంది. వాళ్ల టెస్ట్ ట్రాక్ మీటరు పొడవున తిన్నగా ఉంది. తిన్నటి పట్టా మీద ఏ ఇంజనైనా బుద్ధిమంతురాలే. 438 మి.మీ. రేడియస్ ఉన్న వంపు ముక్కలు రెండు పెట్టించి చూపించమని అడగండి, విసుక్కున్నా సరే. 360 రేడియస్ వంపులో ఈ మోడల్ బోగీ పక్కనున్న ఇసుక గొట్టం వెళ్లి మెట్లకి తగులుతుంది. గొట్టం చివర అర మిల్లీమీటరు కోస్తే తగలదు, కానీ కొత్త ఇంజన్‌కి కత్తెర పెట్టడం ఎవరికి ఇష్టం? 438 వంపుతో పూర్తి చుట్టు వేస్తే వ్యాసమే 876 మి.మీ. మూడడుగుల వెడల్పు బల్ల అంటే 914, పట్టా మధ్యగీత నుంచి అంచుకి రెండు సెంటీమీటర్లు కూడా మిగలదు. ఇంజన్ నేల మీద పడితే పోయేది క్యాబ్ ముందరి హ్యాండ్‌రెయిల్సే. 8×4 అడుగుల ప్లైవుడ్ షీటు మొత్తం తీసుకోవడమే మేలు. ఆ షీటు మీద కూడా పది ఐసీఎఫ్ (చెన్నై పెట్టెల కర్మాగారం) రకం పెట్టెల రైలు ఒక వరసలో పట్టదు. ఒక్కో పెట్టె 256 మి.మీ., పది కలిపితే 2.56 మీటర్లు, షీటు పొడవు 2.44. అయిదారు పెట్టెలతో సరిపెట్టుకోవాలి.

ప్లైవుడ్ 12 మి.మీ. వాటర్‌ప్రూఫ్ రకం కొనండి. కృష్ణ ఒడ్డు ఊళ్లలో వానాకాలం చెమ్మకి మామూలు ప్లై అలలు తిరుగుతుంది. మే నెలలో పట్టా కూడా సాగుతుంది. నికెల్ సిల్వర్ పట్టా మూడు మీటర్ల పొడవున 25 డిగ్రీల తేడాకి మిల్లీమీటరుకి పైగా పెరుగుతుంది. జనవరి రాత్రి అతుకులు దగ్గరగా నొక్కి మేకులు కొడితే, మే మధ్యాహ్నానికి పట్టా పాములా మెలికపడుతుంది. అతుక్కి అతుక్కి మధ్య విజిటింగ్ కార్డు పట్టేంత సందు వదలండి. కరెంటు తీగలు మాత్రం ప్రతి మీటరుకీ పట్టాకే టంకం పెట్టండి, అతుకు ప్లేటును నమ్ముకోవద్దు.

నడుస్తూ నడుస్తూ తడబడటం మొదలైతే మోటార్‌ని అనుమానించక ముందు చక్రాలు చూడండి. నల్లటి పొర పట్టి ఉంటుంది. టిష్యూ పేపరు మీద 99 శాతం ఐసోప్రొపైల్ ఆల్కహాల్ వేసి పట్టా మీద పరిచి, ఒక బోగీని దాని మీద, ఇంకో బోగీని పొడి పట్టా మీద ఉంచి, ఇంజన్‌ని చేత్తో కదలకుండా పట్టుకుని, కరెంటు ఇచ్చి అయిదు సెకన్లు చక్రాలు తిరగనివ్వండి. తర్వాత ఇంజన్‌ని తిప్పి పెట్టి రెండో బోగీకి అదే చేయండి. హ్యాండ్ శానిటైజర్ వాడొద్దు. అందులోని గ్లిజరిన్ పట్టా మీద జిగురులా మిగిలిపోతుంది. నూనె సూది మొనకి అంటినంత చాలు, అదీ ప్లాస్టిక్‌ని తినని పలచటి రకం. ఇంట్లో ఉంది కదా అని కొబ్బరినూనె వేస్తే చలికాలానికి గేర్లు బిగుసుకుంటాయి.

చక్రం తిరిగే ప్రతి చుట్టుకీ ఒకసారి టక్‌మని చప్పుడు వస్తుంటే కారణం దాదాపు ఎప్పుడూ ఒకటే: ఇరుసు మీద బిగించిన ప్లాస్టిక్ గేరు చీలింది. గేరు కుంచించుకుపోయి ఇరుసు మీద చిట్లుతుంది, పళ్ల మధ్య ఒక సందు వెడల్పవుతుంది, వర్మ్ అక్కడికొచ్చినప్పుడల్లా ఎక్కి దిగుతుంది. జిగురు పెట్టినా నిలవదు, గేరు మార్చాల్సిందే. పట్టా తప్పడం మొదలైతే రెండు చక్రాల లోపలి అంచుల మధ్య దూరం కొలవండి. 14.4 మి.మీ. దరిదాపుల్లో ఉండాలి. ఈ మోడల్‌లో ఒక ఇరుసు 14.1 ఉంది, మెలితిప్పుతూ లాగితే సరిపోయింది.

బాడీ విప్పేటప్పుడు జాగ్రత్త. కింద నాలుగు స్క్రూలు తీయగానే పైకి లాగకండి. హ్యాండ్‌రెయిల్స్ కొసలు బాడీకి కాదు, ఫ్రేముకి గుచ్చి ఉన్నాయి. ముందు వాటిని ట్వీజర్‌తో ఒక్కొక్కటిగా లేపి, తర్వాత లాంగ్ హుడ్ వైపు నుంచి ఎత్తాలి. లోపల 21 పిన్నుల సాకెట్ ఉంది. ఇంజన్ శబ్దాలు వినిపించే చిప్పు, అంటే సౌండ్ డీకోడర్, అందులో పెట్టదలచుకుంటే ఆల్కో సెంచరీ సిరీస్ ఇంజన్ల శబ్దమే ఎంచుకోండి, అవీ 251 ఇంజన్‌తోనే నడిచాయి కాబట్టి అతికినట్టు సరిపోతుంది. బండి కదలక ముందే ఇంజన్ మోత పెరిగేలా ఆలస్యం పెట్టుకోవాలి. అసలు ఆల్కోలో డ్రైవర్ నాచ్ (వేగం పెంచే మీట మెట్టు) పెంచగానే ఇంధనం ముందు పెరుగుతుంది, బయటికి పోయే పొగ తోపుడుతో తిరిగి ఇంజన్‌కి గాలి అందించాల్సిన టర్బో వెనకపడుతుంది. ఆ కాసేపూ కాలని డీజిలే నల్లటి పొగ. మోడల్‌లో పొగ లేదు, ఉండక్కర్లేదు కూడా. నూనె ఆవిరి పట్టా మీదే దిగుతుంది.

రంగుల్లో చిన్న లోటు. క్యాబ్ పక్కన షెడ్ పేరు బీజెడ్‌ఏ అని ఉంది, విజయవాడ వాళ్లకి అది చాలు. కానీ అక్షరాలు అసలుకన్నా లావుగా పడ్డాయి, పైగా వేలు తగిలితే మెరుపు పోతోంది. మ్యాట్ వార్నిష్ ఒక పలచటి పూత వేస్తే నిలబడతాయి, ముందు అద్దాలకి మాస్కింగ్ టేపు అంటించుకోండి.

గుంటూరు నుంచి వచ్చే కొనుగోలుదార్లు షాపులో ఎక్కువగా అడిగేది మీటర్ గేజ్ ఇంజన్ల గురించట. గుంటూరు–మాచర్ల, గుంటూరు–గుంతకల్లు లైన్లు మీటర్ గేజ్‌గా ఉన్న నాటి వైపీ, వైజీ ఆవిరి ఇంజన్లు మరి. లెక్క చూస్తే అక్కడ గేజ్ పేచీ చాలా తక్కువ. 1000 మి.మీ.ని 87తో భాగిస్తే 11.5, మార్కెట్లో దొరికే పట్టా 12. ఇదే తయారీదారు ఇదే శ్రద్ధతో ఒక వైపీ చేస్తే, ఎదురుగా నిలబెట్టి ఫొటో తీసుకోవచ్చు.