పీఎంఐ గన్ మూడేళ్లు వాడాక: వాల్వు బాడీ మీద కాదు, కడుపులో పెట్టి చూడండి

విశాఖ దగ్గర పరవాడ ఫార్మా సిటీలో ఓ మాదిరి యూనిట్‌లో మెయింటెనెన్స్ స్టోర్స్ చూస్తాను. మెటల్‌కి ఆనించి ట్రిగ్గర్ నొక్కితే ఏ గ్రేడో చెప్పే ఎక్స్‌ఆర్ఎఫ్ (ఎక్స్‌రేతో లోహాన్ని చదివే) మెషీన్, అదే మనందరం పీఎంఐ (మెటల్ గ్రేడు నిర్ధారణ) గన్ అనేది, మూడేళ్ల పైనుంచి వాడుతున్నా. బ్రాండ్ పేరు రాయట్లేదు, పెద్ద కంపెనీలవి డెమోలు చూశాం, మా పనికి వాటి మధ్య చెప్పుకోదగ్గ తేడా ఏం కనపడలేదు, స్పెసిఫికేషన్లు కావాలంటే బ్రోచర్లలో ఉంటాయి చూసుకోండి. దీన్ని మేం కొన్నది పైపుల కోసం. దాని డబ్బులు అది రాబట్టింది మాత్రం వాల్వుల కడుపులో.

గన్ రాకముందు మా దగ్గర చెకింగ్ అంటే జేబులో అయస్కాంతం. అంటుకుంటే డూప్లికేట్, అంటుకోకపోతే మంచి సరుకు, అంతే. సికింద్రాబాద్ రాణిగంజ్ హార్డ్‌వేర్ మార్కెట్‌కి వెళ్తే ఇప్పటికీ కౌంటర్ మీదే అయస్కాంతం పెట్టి చూపించి "చూడండి సార్, అంటుకోవట్లేదు" అంటారు. అది తుప్పుకి బాగా తట్టుకునే 316 స్టెయిన్‌లెస్ అవునో కాదో అయస్కాంతానికేం తెలుసు, అంతకంటే చవకైన 304 అంటుకోదు, నికెల్ తగ్గించి మాంగనీస్ దట్టించిన 200 సిరీస్ కూడా అంటుకోదు. ఇంకా తమాషా ఏంటంటే నిఖార్సయిన సీఎఫ్8ఎం (316 పోత రూపం) కాస్టింగ్‌లో కొంచెం ఫెర్రైట్ అనే అయస్కాంత గుణమున్న భాగం ఉంటుంది, అందుకని అది కాస్త లాగుతుంది. అంటే అయస్కాంతం పరీక్షలో అసలు సరుకు ఫెయిలు, దొంగ సరుకు పాసు! మోలీ (మాలిబ్డినం, 316ని 304 నుంచి వేరుచేసే లోహం) కిట్ అని ద్రావణం చుక్కేసి బ్యాటరీ తగిలించేది కూడా కొన్నాళ్లు వాడాం, మోలీ ఉందా లేదా వరకూ పర్లేదు గానీ ఎంతుందో చెప్పదు, ఆ కాస్త సమాచారంతో డీలర్‌తో గొడవ పెట్టుకోలేం.

గన్‌తో ఆ బాధ పోయింది. 316 అంటే మోలీ 2 నుంచి 3 శాతం మధ్య ఉండాలి, 304లో మోలీ వెయ్యరు, స్క్రాప్‌తో వచ్చిన పాయింట్ ఒకటో రెండో కనపడుతుందంతే. మూడు సెకన్లలో తేలిపోతుంది. మొదటి ఏడాది మొత్తం ఇదే ఆనందం, ఇన్‌వర్డ్‌కి ఏ లారీ వచ్చినా గన్ పట్టుకుని వెళ్లిపోయేవాణ్ణి.

అసలు కథ బాల్ వాల్వులది. ఒక లాట్ ఫ్లాంజ్డ్ వాల్వులు తెప్పించాం, పీవోలో (కొనుగోలు ఆర్డరులో) బాడీ, ట్రిమ్ (లోపలి బాల్, దాన్ని తిప్పే కడ్డీ అయిన స్టెమ్) రెండూ 316 అని విడివిడిగా రాసే ఉంది. వచ్చినప్పుడు ప్రతి బాడీ మీదా గన్ పెట్టాం, మోలీ 2.2, 2.3 అలా వచ్చాయి, శుభ్రంగా పాస్. బాడీ మీద పోతలోనే వచ్చిన హీట్ నంబరు (ఏ కరిగింపులో పోసిందో చెప్పేది) టీసీలో, అంటే టెస్ట్ సర్టిఫికెట్‌లో, ఉన్న హీట్ నంబరుతో సరిపోయింది, టీసీ కూడా 3.1 టైపు, అంటే తయారీదారే ఆ సరుకు పరీక్ష ఫలితాలతో ఇచ్చేది, ఇంక ఎవరికైనా అనుమానం ఎందుకొస్తుంది. వాటిలో కొన్ని ఈటీపీ (వ్యర్థ జలాల శుద్ధి ప్లాంటు) దగ్గర ఉప్పు బాగా ఉండే ఎఫ్లుయెంట్ లైన్‌లో వేశాం. కొన్ని నెలలకి ఒకటి పాసింగ్ మొదలెట్టింది, పూర్తిగా మూసినా నీళ్లు ఆగట్లేదు. సీటు పోయిందనుకుని విప్పించాం. మా ఫిట్టర్ది శ్రీకాకుళం పక్క, బాల్ చేతిలోకి తీసుకుని "ఏటి సార్ ఇది, గుండంతా చిల్లులొచ్చేసాయి" అన్నాడు.

నిజం చెప్పాలంటే చిల్లులు చూడగానే దొంగ సరుకనేయడానికి లేదు, క్లోరైడ్ ఎక్కువైతే అసలైన 316కి కూడా పిట్టింగ్ వస్తుంది. ప్రాసెస్ వాళ్లు అదే అన్నారు, నేనూ అదే అయ్యుంటుందనుకుంటూ బాల్ కడిగించి, కాస్త రుద్దించి గన్ పెట్టా. నికెల్ 8 చిల్లర, మోలీ 0.2. స్క్రీన్ మీద 304 అని వచ్చింది. స్టెమ్ మీద పెడితే ఇంకా ఘోరం, క్రోమియం 12 దగ్గర, నికెల్ దాదాపు లేదు, అంటే 410 అనే ఇంకా తక్కువ రకం. స్టోర్‌లో మిగిలిన కొత్తవి తీసి విప్పించాం, అన్నీ అంతే. బయట 316, లోపల 304, మధ్యలో 410. మూడు గ్రేడుల మసాలా వాల్వన్నమాట.

డీలర్‌కి ఫోన్ చేస్తే మొదటి మాట "గన్ రీడింగులు మేం ఒప్పుకోమండి". సరే అని బాల్‌నీ స్టెమ్‌నీ ఎన్ఏబీఎల్ గుర్తింపు ఉన్న ల్యాబ్‌కి పంపించాం, స్పార్క్ టెస్టు (నిప్పురవ్వ కాంతిని చదివే స్పెక్ట్రోమీటర్) మీద కూడా మోలీ 0.2 దగ్గరే వచ్చింది. అప్పుడు రెండో మాట, నాకు ఒళ్లు మండింది అక్కడే: "టీసీ బాడీకి కదండీ ఇచ్చింది, అందులో తప్పేం లేదు కదా". చూస్తే నిజమే! టీసీలో ఉన్నది బాడీ కాస్టింగ్ హీటు ఒక్కటే, అందులో ప్రతి అంకె నిజం, ఫోర్జరీ లేదు, ఏం లేదు. ట్రిమ్ గురించి ఆ కాగితం ఎక్కడా మాట్లాడలేదు, మనమే దాన్ని మొత్తం వాల్వుకి సర్టిఫికెట్ అనుకుంటాం. పీవో చూపించి నెలన్నర తిప్పితే గానీ బాల్స్, స్టెమ్స్ మార్చి ఇవ్వలేదు, విప్పి బిగించిన ఖర్చు, ల్యాబ్ ఫీజు మా మీదే పడ్డాయి. ఇప్పుడు మా పీవోలో బాడీ, బాల్, స్టెమ్ వేటికవే హీట్ నంబరుతో టీసీ అడుగుతున్నాం. స్టెమ్ పై కొస బయటే ఉంటుంది కాబట్టి హ్యాండిల్ తీసి అక్కడ గన్ పెడతాం, బాల్ కోసం మాత్రం లాట్‌కి ఒక వాల్వు విప్పాల్సిందే. విప్పితే వారంటీ పోతుందని కొందరు డీలర్లు బెదిరిస్తారు, ముందే పీవోలో రాసేసుకుంటే ఆ మాట రాదు.

ఇందాక మూడు సెకన్లన్నా కదా, అది శుభ్రమైన, బల్లపరుపు మెటల్ మీద. రంగు, తుప్పు, గ్రైండింగ్ దుమ్ము ఏదున్నా అది కూడా లెక్కలోకొచ్చేస్తుంది, స్ప్రింగులు, సన్న వాషర్లయితే టైం పెంచి రెండు మూడుసార్లు చూడాలి. గన్ చూసేది పైపొరనే. హార్డ్ క్రోమ్ వేసిన షాఫ్టు మీద పెడితే క్రోమియం కుప్పలుగా కనపడుతుంది, లోపల ఏ ఈఎన్8 (మామూలు కార్బన్ స్టీలు) ఉందో దానికి తెలీదు. ఒక మూల రుద్దనిస్తే సరి, ఇవ్వనంటే ఆ రీడింగ్‌కి విలువ లేదు.

నా అసలు కడుపుమంట కార్బన్ మీద. ఎక్స్‌ఆర్ఎఫ్‌కి కార్బన్ కనపడదు, ఏ కంపెనీ గన్ అయినా అంతే. ఫార్మాలో మనం ఎక్కువగా కొనేది 316ఎల్, ఆ ఎల్ అంటేనే కార్బన్ 0.03 శాతం దాటకూడదని, మామూలు 316కైతే 0.08 వరకూ ఒప్పుకుంటారు. కార్బన్ ఎక్కువున్నది వెల్డింగ్ చేస్తే జాయింటు పక్కన క్రోమియం కార్బైడ్‌గా మారిపోయి అక్కడ్నించే తినేయడం మొదలవుతుంది. గన్ మాత్రం రెంటికీ ఒకే జవాబిస్తుంది, డీలర్ ఎల్ అని రాసిచ్చింది నమ్మాలి, లేదంటే ముక్క కోసి ల్యాబ్‌కి పంపాలి. లక్షలు పోసి కొన్న మెషీన్‌కి మనకి కావాల్సిన ఒక్క అక్షరమే కనపడకపోవడం ఏంటో! ఇప్పుడు లేజర్‌తో పనిచేసే లిబ్స్ గన్స్ వచ్చాయి, అవి కార్బన్ కూడా చెప్తాయి, కాకపోతే ఆర్గాన్ గ్యాస్ కావాలి, సర్ఫేస్ బాగా గ్రైండ్ చెయ్యాలి.

బోల్టుల సంగతి కూడా అంతే. 8.8 అని (అది బలం గ్రేడు) తల మీద కొట్టిన బోల్టుకి హీట్ ట్రీట్‌మెంట్ జరిగిందో లేదో కెమిస్ట్రీలో తెలీదు, దానికి హార్డ్‌నెస్ చూడాల్సిందే. నాసా వాళ్ల రెండు ఉపగ్రహాలు, 2009లో ఒకటి, 2011లో ఒకటి, రాకెట్ ముక్కు కవచం ఊడక పోయాయి. ఆ కవచం ఊడే భాగంలో వాడిన అల్యూమినియంకి సప్లయర్ టెన్సైల్ టెస్ట్ అంకెలు మార్చి సర్టిఫికెట్లు ఇచ్చాడని 2019లో నాసా బయటపెట్టింది. అక్కడ మార్చింది బలం అంకెలు, అలాంటివి పట్టుకోవడానికి మన గన్ సరిపోదు.

డీలర్లు కూడా తెలివి మీరారు. మా దగ్గర గన్ ఉందని తెలిశాక 304ని 316 అని పంపడం ఆగింది, ఇప్పుడు మోలీ 1.97, 1.98 వచ్చే సరుకు వస్తోంది. అది గన్ తేడానో నిజంగా తక్కువో చెప్పలేం, మళ్లీ ల్యాబే. ల్యాబ్ బిల్లు తగ్గుతుందని మేనేజ్‌మెంట్‌కి చెప్పి గన్ కొనిపించాం, తగ్గింది కొంచెమే.

రిపేరు విషయానికొస్తే ముక్కు దగ్గరుండే పల్చటి ఫిల్మ్‌తో జాగ్రత్త. కోసిన పైపు అంచున ఉండే బర్ (పదునైన మొన) గుచ్చుకుంటే చిరుగుతుంది, వెంటనే మార్చకపోతే దుమ్ము డిటెక్టర్ దాకా వెళ్తుంది, ఫిల్మ్ చవకే గానీ డిటెక్టర్ ధర వింటే కళ్లు తిరుగుతాయి. మే నెలలో ఎండలో యార్డులో వాడితే వేడెక్కి ఆగిపోతుంది, మేం పొద్దున్నే పని కానిచ్చేస్తాం. ఎక్స్‌రే ట్యూబు ఉంటుంది కాబట్టి ఏఈఆర్‌బీ (అణుశక్తి నియంత్రణ మండలి) కాగితాలు కొనకముందే అడగండి, ముక్కల్ని చేత్తో పట్టుకుని షూట్ చెయ్యడం ఎవరినీ చెయ్యనివ్వకండి, మా కుర్రాళ్లకి ఎన్నిసార్లు చెప్పినా అదే పని.

కొనమంటారా అంటే, మాకు 316 వాడకం ఎక్కువ, లైన్లలో ఉప్పు ఎక్కువ, కొత్త వాల్వు విప్పుతానంటే వద్దనని బాసున్నాడు, కాబట్టి మాకు సరిపోయింది. ఏడాదికి ఏవో రెండు మూడు లాట్లు కొనేవాళ్లయితే రోజు లెక్కన వచ్చి పీఎంఐ చేసే ఏజెన్సీని పిలిపించుకోవడం నయం, కాకపోతే బాడీ ఒక్కటే చూసి రిపోర్ట్ ఇచ్చేసి వెళ్లనివ్వకండి. వెల్డింగ్ ఫ్యాబ్రికేషన్ ఎక్కువుండేవాళ్లు మాత్రం ఎక్స్‌ఆర్ఎఫ్‌కి డబ్బులు కట్టేముందు లిబ్స్ డెమో ఒకటి పెట్టించుకోండి, అదీ మీ యార్డులో పడున్న 316, 316ఎల్ ముక్కల మీదే, వాళ్లు తెచ్చుకున్న శాంపిల్స్ మీద కాదు.